విలియం హెన్రీ వైట్

సర్ విలియం హెన్రీ వైట్ (ఫిబ్రవరి 2, 1845 - ఫిబ్రవరి 27, 1913) ప్రసిద్ధ బ్రిటిషు నౌకానిర్మాణ శాస్త్రజ్ఞుడు. ఇతడు 1885 నుండి 1902 వరకు బ్రిటిషు నౌకాదళానికి నౌకానిర్మాణ సంచాలకుడుగా పనిచేశాడు. విక్టోరియా రాణి పాలన చివరి దశలో తయారైన యుద్ధనౌకలలో అధికభాగం ఇతని పర్యవేక్షణలో రూపొందినవే. వాటిలో షార్ప్‌షూటర్ తరగతి టార్పెడో గన్‌బోట్లు కూడా ఉన్నాయి. ఈ తరగతికి చెందిన రెండు ఓడలను భారతదేశం కొరకు నిర్మించారు.

బాల్యము, విద్యాభ్యాసము

వైట్ ఇంగ్లాండులోని డెవన్‌పోర్టులో జన్మించాడు. 1859లో అక్కడి నౌకాదళ డాక్‌యార్డులో పని నేర్చుకొనుటకు చేరాడు. 1864లో లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లో నెలకొల్పిన నౌకానిర్మాణ పాఠశాలకు ఎంపికై, 1867లో చదువు ముగించి నౌకాదళ కార్యాలయంలో ఉద్యోగిగా ప్రవేశించాడు.

కెప్టెన్ నౌక దుర్ఘటన

1870 సెప్టెంబరులో కెప్టెన్ అనే యుద్ధనౌక స్పెయిన్ తీరానికి సమీపంలో తుఫానుగాలికి తిరగబడి మునిగిపోయింది. సుమారు 480 మంది మరణించారు. ఓడ ఎంత వంగినా తిరిగి నిలబడగలదో ముందే లెక్కించాలని ఈ ఘటన హెచ్చరించింది. 1871లో వైట్, విలియం జాన్‌తో కలసి ఓడల స్థిరత్వాన్ని గణించే పద్ధతులపై పరిశోధనా పత్రం వెలువరించాడు. 1877లో ఇతడు ప్రచురించిన నౌకానిర్మాణ గ్రంథం చిరకాలం పాఠ్యపుస్తకంగా నిలిచింది.

టార్పెడో గన్‌బోట్లు

1883లో నౌకాదళాన్ని వీడి ఆర్మ్‌స్ట్రాంగ్ సంస్థలో చేరిన వైట్, 1885లో సంచాలకుడుగా తిరిగి వచ్చాడు. చిన్న టార్పెడో పడవలు వేగంగా వచ్చి పెద్ద యుద్ధనౌకలను ముంచివేస్తాయన్న భయం అప్పట్లో ఉండేది. వాటిని తరిమికొట్టుటకు ఉద్దేశించినవే టార్పెడో గన్‌బోట్లు. షార్ప్‌షూటర్ తరగతిలో 1888 నుండి మొత్తం 13 ఓడలు నిర్మించబడ్డాయి. ఒక్కొక్కటి 735 టన్నుల బరువు, 230 అడుగుల పొడవు కలిగి, ఫిరంగులతో పాటు టార్పెడో గొట్టాలను కూడా మోసేది. ప్లాసీ, అస్సాయే అనేవి భారతదేశానికి, బూమరాంగ్, కరకట్ట అనేవి ఆస్ట్రేలియాకు కేటాయించబడ్డాయి. భారతదేశపు ఓడలకు బ్రిటిషువారు 1757లోను, 1803లోను గెలిచిన యుద్ధాల పేర్లు పెట్టారు.

ఈ ఓడలు ఆశించిన వేగాన్ని అందుకోలేకపోయాయి. బరువు తగ్గించుటకు రైలింజను తరహా బాయిలర్లను అమర్చగా, అధిక ఒత్తిడిలో వాటి గొట్టాలు కారేవి. 21 నాట్ల వేగం ఆశించగా సుమారు 19 నాట్లే సాధ్యమైంది. 1893లో వచ్చిన హావోక్ వంటి డిస్ట్రాయరు నౌకలు 26 నాట్లను మించి పరుగెత్తడంతో గన్‌బోట్ల అవసరం తగ్గింది. అయితే షార్ప్‌షూటర్‌లో ఫ్రెంచి బెల్‌విల్ బాయిలర్లను పెట్టి పరీక్షించారు. ఆ అనుభవం పెద్ద నౌకలలో నీటిగొట్టాల బాయిలర్ల ప్రవేశానికి దారితీసింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి మిగిలిన టార్పెడో గన్‌బోట్లలో అనేకం సముద్రంలోని మైన్లను తొలగించే పనికి ఉపయోగపడ్డాయి.

కీర్తి, అపకీర్తి

1889 నౌకా రక్షణ చట్టం క్రింద నిర్మించిన రాయల్ సావరిన్ తరగతి యుద్ధనౌకలు వైట్‌కు గొప్ప పేరు తెచ్చాయి. 1895లో ఇతనికి సర్ బిరుదు లభించింది. కాని 1900 జనవరిలో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ అనే రాజవిహార నౌకను పెంబ్రోక్ డాకు నుండి నీటిలోకి తేలుస్తుండగా అది ప్రమాదకరంగా ఒరిగిపోయింది. లెక్కకు మించిన బరువు ఓడ పైభాగంలో చేరడమే కారణమని తేలింది. స్థిరత్వ శాస్త్రానికే పునాదులు వేసినవారిలో ఒకడైన వైట్ అదే విషయంలో విమర్శల పాలయ్యాడు. ఆరోగ్యం క్షీణించి 1902లో పదవి నుండి తప్పుకున్నాడు.

చివరి సంవత్సరాలు

1903లో బ్రిటన్‌లోని సివిల్ ఇంజనీర్ల సంస్థకు అధ్యక్షుడయ్యాడు. మౌరిటానియా ప్రయాణికుల నౌక నిర్మాణంలోనూ పాలుపంచుకున్నాడు. 1913 ఫిబ్రవరి 27న మరణించాడు.