బంతీ వదల్లేదు, మాటా తప్పలేదు

ఆటల పిచ్చి పట్టిందంటే ఇక చదువు అటకెక్కినట్టేనని పిల్లల్ని కోప్పడని తల్లులు అరుదు. అలాంటి అమ్మలంతా డాక్టర్ తలిమెరెన్ ఆవో కథ తెలుసుకోవాలి. స్వతంత్రం వచ్చాక మన దేశం ఒలింపిక్స్‌కు పంపిన తొలి ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ ఈయనే.

1918 జనవరి 28న నాగా కొండల్లోని చాంగ్కీ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి క్రైస్తవ బోధకుడు. ఇంట్లో పన్నెండుమంది పిల్లలు. 1935లో తండ్రికి టైఫాయిడ్ వచ్చింది. కొడుకు డాక్టరై తమ నాగా ప్రజలకు సేవ చేయాలన్నది ఆయన చివరి కోరిక. ఆ కోరిక చెప్పి కన్నుమూశారు. పదిహేడేళ్ల కుర్రాడికి అదేమన్నా చిన్న బరువా!

గౌహతి కాటన్ కాలేజీలో చదువుతూ ఆటలోనూ పేరు తెచ్చుకున్నారు. 1942లో కలకత్తా కార్మైకేల్ మెడికల్ కాలేజీలో చేరారు. ఇప్పటి ఆర్.జి.కర్ కాలేజీ అదే. మరుసటి ఏడాదే మోహన్ బగాన్ జట్టు పిలిచింది. పొద్దున పాఠాలు, సాయంత్రం మైదానం. తర్వాత ఆ జట్టుకు కెప్టెన్ కూడా అయ్యారు. కలకత్తాలో ఫుట్‌బాల్ ఆటగాడంటే సినిమా హీరోతో సమానం. చదువు మానేసినా అడిగేవాళ్లు లేరు. అయినా పుస్తకం మూయలేదు.

1948లో లండన్ ఒలింపిక్స్. ప్రారంభ వేడుకలో త్రివర్ణ పతాకం పట్టుకుని ముందు నడిచిందీ తలిమెరెనే. జులై 31న ఫ్రాన్స్‌తో ఆట. మనవాళ్లలో చాలామంది కాళ్లకు బూట్లు లేవు. మనకు దొరికిన రెండు పెనాల్టీలూ చేజారాయి. ఆఖరి నిమిషాల్లో గోల్ పడి 2-1 తేడాతో ఓడిపోయాం. ఓడినా లండన్ జనం మెచ్చుకున్నారు.

అంత పేరొచ్చాక కూడా ఆయన మళ్లీ క్లాసుకే వెళ్లారు. 1950లో ఎం.బి.బి.ఎస్. చేతికొచ్చింది. కాలేజీలో చేరిన ఎనిమిదేళ్లకు! మన పిల్లలకు ఒక్క ఏడాది పోతేనే బెంగపడిపోతాం.

అటు తర్వాత కలకత్తాలో ప్రాక్టీసు పెట్టుకోలేదు. దిబ్రూగఢ్‌లో చెవి, ముక్కు, గొంతు విభాగంలో పనిచేసి, 1953లో కోహిమా ఆస్పత్రికి వెళ్లిపోయారు. నాగాలాండ్ రాష్ట్రం 1963లో ఏర్పడింది. అక్కడి ఆరోగ్య సేవల డైరెక్టర్‌గా పనిచేసి 1978లో రిటైరయ్యారు. 1998 సెప్టెంబర్ 13న, ఎనభై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

తండ్రి అడిగింది డాక్టర్ డిగ్రీ ఒక్కటే కాదు, తమవాళ్లకు సేవ. డిగ్రీ ఆలస్యమైంది గానీ సేవ మాత్రం పాతికేళ్లు సాగింది. ఇకనుంచి పిల్లాడు బంతి పట్టుకుని బయల్దేరితే గుమ్మంలోనే ఆపకండి. తిరిగొచ్చాక పుస్తకం తీశాడో లేదో చూసుకోండి, చాలు.