కన్నతండ్రి నారాయణయ్య

మదనపల్లె పేరు చెప్పగనే జిడ్డు కృష్ణమూర్తి జ్ఞప్తికి వచ్చును. ఆయనను గన్న నారాయణయ్యగారిని తలచువారు అరుదు. తలచినను, కొడుకులకై వ్యాజ్యమాడిన మొండి తండ్రిగానే తలతురు. అది న్యాయము కాదని నా అభిప్రాయము.

నారాయణయ్యగారు మద్రాసు విశ్వవిద్యాలయ పట్టభద్రులు. రెవెన్యూ శాఖలో తహసీలుదారు పదవి వఱకు ఎదిగిరి. ఆచారపరులైన బ్రాహ్మణులయ్యును దివ్యజ్ఞాన సమాజమున చేరిరి. ఇంటి ఆచారమునకు, సమాజ సిద్ధాంతమునకు పొత్తు కుదురునని నమ్మిన తరము వారిది. నాడు కడప జిల్లాలోనిదైన మదనపల్లెలో 1895 మే నెలలో సంజీవమ్మగారికి ఎనిమిదవ బిడ్డ కలిగెను. అష్టమగర్భమున పుట్టిన మగబిడ్డకు కృష్ణుని పేరు పెట్టుట మన ఇండ్లలో వింత కాదు.

1905లో సంజీవమ్మగారు గతించిరి. తల్లి లేని పిల్లల సంగతి బడిపంతుళ్లకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 1907 చివర ఉద్యోగమును ముగిసి రాబడి సగమయ్యెను. అడయారులో సమాజమునకు పని చేసెదను, ఉండుటకు చోటిండని ఆయన అనీబిసెంటమ్మగారికి మరల మరల వ్రాసిరి. ఆమె మొదట ఒప్పుకొనలేదు. తుదకు 1909 జనవరిలో నలుగురు కుమారులతో అడయారు చేరి, సమాజపు ఆవరణ వెలుపల నొక పాడుపడిన యింట కాపురముండిరి.

ఆ యేడే సమాజ ప్రముఖుడైన లెడ్‌బీటరు నదీతీరమున కృష్ణమూర్తిని చూచి, రాబోవు జగద్గురువునకు ఈ బాలుడే తగిన పాత్రమనెను. 1910 మార్చిలో నారాయణయ్యగారు కృష్ణమూర్తిని, అతని తమ్ముడు నిత్యానందుని బిసెంటమ్మగారి సంరక్షణకు అప్పగించుచు పత్రము వ్రాసి యిచ్చిరి. విశ్వాసముతో ఇచ్చిరా, లేమితో ఇచ్చిరా? రెండును ఉండవచ్చును. బిడ్డలకు సీమ చదువు దొరకునన్న ఆశ ఏ తండ్రికి లేదు?

రెండేండ్లలోనే ఆయన మనసు కలత చెందెను. లెడ్‌బీటరు సాంగత్యము పిల్లలకు తగదనిరి. తన కొడుకును రానున్న క్రీస్తుగా చాటి, పెద్దలచే మ్రొక్కించుచున్నారనునది మఱియొక మొఱ. ఆ విశ్వాసముననే పిల్లల నిచ్చిన తండ్రికి కొడుకు దేవుడగుట భరింపరానిదయ్యెను.

1912లో వ్యాజ్యము వేసిరి. మద్రాసు హైకోర్టులో ఆయన పక్షమున సి.పి. రామస్వామి అయ్యరు వాదించిరి. బిసెంటమ్మగారు తమ వాదమును తామే వినిపించుకొనిరి. 1913 ఏప్రిలులో తీర్పు వచ్చెను. లెడ్‌బీటరుపై తండ్రి మోపిన ఘోరారోపణను న్యాయమూర్తి బేక్‌వెల్ నమ్మలేదు; అయినను పిల్లలను తండ్రికి అప్పగింపుమనెను. అప్పీలులోను అదియే నిలిచెను. కాని పిల్లలు అప్పటికే ఇంగ్లండులో నుండిరి. 1914లో ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పును త్రోసిపుచ్చెను. తండ్రి యిచ్చిన సంరక్షణాధికారమును తండ్రి మరల తీసికొనవచ్చునని ఒప్పుకొనుచునే, ఇంగ్లండులో నున్న బాలుర విషయము అచ్చటి న్యాయస్థానమే తేల్చవలెననియు, వారి అభిమతమును ఇచ్చట ఎవరును అడుగలేదనియు చెప్పెను. సూత్రము తండ్రికి దక్కెను, కొడుకులు దక్కలేదు.

1921 చివర స్వదేశమునకు వచ్చిన సోదరులు తండ్రిని చూడబోయిరి. ఆ పిదప ఆయన ఎంతోకాలము బ్రతుకలేదు, 1924లో గతించిరి. మఱుసటి యేడు నిత్యానందుడును పోయెను. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెనులో కృష్ణమూర్తి, తమకై స్థాపింపబడిన నక్షత్ర సంఘమును తామే రద్దు చేసి, జగద్గురు స్థానమును వదలుకొనిరి. కోర్టులో తండ్రి వద్దన్నదానిని కొడుకు తనంత తానే వద్దనెను. అయితే తండ్రి కోరిన యింటికి గాని, కులాచారమునకు గాని ఆయన తిరిగి రాలేదు.