కల్తీని పట్టిన త్రాసు

సుమారు 900 ఏళ్ల క్రితం మర్వ్ నగరంలో అబ్దుర్రహ్మాన్ ఖాజినీ బానిసగా పెరిగారు. గ్రీకు సంతతికి చెందిన ఆ బాలుడి తెలివిని గమనించి యజమానే చదువు చెప్పించారు.

ఖాజినీకి ముందు అస్ఫిజారీ అనే పండితుడు లోహాల్లో కల్తీని పట్టే త్రాసు తయారుచేశారు. తన మోసం బయటపడుతుందని భయపడి సుల్తాను ఖజానా అధికారి దాన్ని విరగ్గొట్టాడనీ, ఆ దిగులుతోనే అస్ఫిజారీ కన్నుమూశారనీ చెబుతారు.

ఖాజినీ ఆ పనిని వదల్లేదు. ఐదు పళ్లాలున్న ఆ త్రాసును మెరుగుపరిచారు. హిజ్రీ 515లో (1121-22) సుల్తాన్ సంజర్ ఖజానా కోసం ‘మీజానుల్ హిక్మ’ గ్రంథం రాశారు.

అందులోని సూత్రం తేలికే. 100 తులాల మేలిమి బంగారాన్ని నీటిలో ముంచి తూస్తే సుమారు 5 తులాలు తగ్గుతుంది. వెండి అయితే దాదాపు తొమ్మిదిన్నర తులాలు తగ్గుతుంది. రెండూ కలిసిన మిశ్రమ లోహం ఈ రెండింటికీ మధ్య తూగుతుంది. ఆ తేడాను బట్టి వెండి ఎంత కలిసిందో, నగను కరిగించకుండానే లెక్కగట్టవచ్చు.

సుల్తాను దర్బారు నుంచి వచ్చిన 1,000 దీనార్లను ఖాజినీ తిప్పి పంపారట. ఏడాదికి 3 దీనార్లు తనకు చాలునన్నారట. త్రాసు గురించి రాసిన ఆ గ్రంథాన్ని ఆయన మొదలుపెట్టింది మాత్రం న్యాయం గురించి చెబుతూనే.