వాలేస్ వేడ్

విలియం వాలేస్ వేడ్ (జూన్ 15, 1892 - అక్టోబర్ 7, 1986) అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో సుప్రసిద్ధుడైన శిక్షకుడు. అలబామా, డ్యూక్ విశ్వవిద్యాలయాల జట్లకు శిక్షణనిచ్చి, వాటిని ఐదు పర్యాయాలు రోజ్ బౌల్ క్రీడకు తీసుకువెళ్ళాడు. జట్లను ఆహ్వానం ద్వారానే ఎంపిక చేసే ఆ కాలంలో, దక్షిణ రాష్ట్రాల జట్లకు ఆ ఆహ్వానం అందే స్థాయిని సంపాదించిపెట్టినవారిలో ఈయన ముఖ్యుడు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన దేశంలో ఆ పేరుతో ఆడే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకొని పరుగెడుతూ, విసురుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్.

బాల్యము, విద్యాభ్యాసము

వేడ్ టెనెసీ రాష్ట్రంలోని ట్రెంటన్‌లో జన్మించాడు. రోడ్ ఐలాండ్‌లోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, జట్టులో గార్డ్ స్థానంలో ఆడాడు. 1916 జనవరి 1న ఆ జట్టు కాలిఫోర్నియాలోని పాసడీనాలో వాషింగ్టన్ స్టేట్ చేతిలో 14-0తో ఓడింది. తరువాత రోజ్ బౌల్‌గా పేరుపొందిన క్రీడ ఇదే. ఆనాడు వేడ్‌తో కలిసి ఆడిన ఫ్రిట్జ్ పొలార్డ్ ఈ క్రీడలో పాల్గొన్న మొదటి నల్లజాతి క్రీడాకారుడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వేడ్ సైన్యంలో పనిచేశాడు. 1921, 1922 సంవత్సరాలలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో సహాయ శిక్షకుడుగా ఉన్నాడు. ఆ రెండు సంవత్సరాలలో ఆ జట్టుకు ఓటమి లేదు.

బౌల్ క్రీడలు, జట్ల ఎంపిక

పాసడీనా నగరంలో నూతన సంవత్సరం సందర్భంగా జరిగే గులాబీల ఉత్సవంలో భాగంగా 1902లో తొలిసారి ఫుట్‌బాల్ పోటీ నిర్వహించారు. 1916 నుండి అది ఏటా జరుగుతూ వచ్చింది. 1922లో నిర్మించిన గిన్నె ఆకారపు స్టేడియం వలన దీనికి రోజ్ బౌల్ అన్న పేరు వచ్చింది. ఇతర నగరాలు కూడా ఇదే పద్ధతిలో ఆరెంజ్ బౌల్, షుగర్ బౌల్, కాటన్ బౌల్ వంటి పోటీలు ప్రారంభించాయి.

ఈ పోటీలకు అర్హత పోటీలంటూ ఉండేవి కావు. రోజ్ బౌల్‌లో పశ్చిమ తీరపు జట్టు ఒక పక్షాన ఆడేది. ఎదుటి జట్టును దేశంలోని ఇతర ప్రాంతాల నుండి పిలిచేవారు. గెలుపోటములతో పాటు జట్టుకున్న పేరు, ప్రేక్షకులను రప్పించగల శక్తి, విశ్వవిద్యాలయ అధికారుల సమ్మతి కూడా లెక్కలోకి వచ్చేవి. అందువలన ఒక్క ఓటమి కూడా లేని జట్టుకు సైతం పిలుపు రాకపోవచ్చు.

అలబామాలో

1923లో వేడ్ అలబామా జట్టుకు ప్రధాన శిక్షకుడయ్యాడు. ఆనాడు దక్షిణాది ఫుట్‌బాల్‌ను ఉత్తర, పశ్చిమ ప్రాంతాలవారు తక్కువగా చూసేవారు. 1925లో అలబామా అన్ని ఆటలూ గెలిచినా, నిర్వాహకుల దృష్టి మొదట తూర్పు ప్రాంతపు జట్ల మీదనే ఉన్నది. వాటితో కుదరకపోవడంతో అలబామాకు ఆహ్వానం అందింది. రోజ్ బౌల్‌కు వెళ్ళిన తొలి దక్షిణాది జట్టు ఇదే.

1926 జనవరి 1న జరిగిన ఆటలో సగం సమయానికి వాషింగ్టన్ జట్టు 12-0తో ముందంజలో ఉంది. మూడవ భాగంలో అలబామా 20 పాయింట్లు సాధించి, చివరకు 20-19తో గెలిచింది. ఇందులో రెండు టచ్‌డౌన్లు చేసిన జానీ మాక్ బ్రౌన్ తరువాత సినిమా నటుడయ్యాడు. తిరుగు ప్రయాణంలో దక్షిణాది రైల్వే స్టేషన్లలో ప్రజలు గుమిగూడి జట్టుకు స్వాగతం పలికారు.

మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్‌తో ఆట 7-7తో సమంగా ముగిసింది. 1930లోనే రాజీనామా ప్రకటించిన వేడ్, తన చివరి ఆటగా 1931 రోజ్ బౌల్‌లో వాషింగ్టన్ స్టేట్‌ను 24-0తో ఓడించాడు. క్రీడాకారుడుగా తనను ఓడించిన జట్టు అదే.

డ్యూక్‌లో

1931లో ఆయన నార్త్ కరోలినాలోని డర్హమ్ నగరంలో ఉన్న డ్యూక్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1938లో ఆయన జట్టు తొమ్మిది ఆటలు ఆడి, ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. ఆ జట్టుకు ఐరన్ డ్యూక్స్ అన్న పేరు వచ్చింది. 1939 రోజ్ బౌల్‌లో మాత్రం చివరి నిమిషంలో టచ్‌డౌన్ ఇచ్చి, సదరన్ కాలిఫోర్నియా చేతిలో 7-3తో ఓడింది.

అలబామా, డ్యూక్ రెండూ ఆ రోజులలో నల్లజాతి విద్యార్థులను చేర్చుకొనేవి కావు. నల్లజాతి క్రీడాకారులున్న జట్లతో ఆడడానికి దక్షిణాది కళాశాలలు తరచు నిరాకరించేవి. 1938లో సిరక్యూస్ జట్టులోని విల్మెత్ సిదాత్-సింగ్ ఆడడానికి వేడ్ అభ్యంతరం చెప్పలేదు. సిదాత్-సింగ్ నల్లజాతీయుడు. సవతి తండ్రి భారత సంతతికి చెందిన వైద్యుడు కావడం వలన ఆయనకు ఆ ఇంటిపేరు వచ్చింది.

డర్హమ్‌లో రోజ్ బౌల్

1942 రోజ్ బౌల్‌కు ఆరిగన్ స్టేట్, డ్యూక్ జట్లు ఎంపికయ్యాయి. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి జరగడంతో, పశ్చిమ తీరంలో జనం గుమిగూడడం ప్రమాదమని సైన్యం భావించింది. పోటీ రద్దయ్యే స్థితిలో వేడ్ తమ స్టేడియంలో నిర్వహిస్తామని ముందుకొచ్చాడు. తాత్కాలిక ఆసనాలు వేయించి, సుమారు 56,000 మంది ప్రేక్షకుల నడుమ ఆట జరిపారు. ఆరిగన్ స్టేట్ 20-16తో గెలిచింది. ఆ జట్టులోని జాక్ యోషిహారాను జపాన్ సంతతివాడైనందున ప్రయాణానికి అనుమతించలేదు.

యుద్ధ సేవ, చివరి దశ

ఈ ఆట తరువాత వేడ్ మళ్ళీ సైన్యంలో చేరి, ఐరోపా రణరంగంలో ఫిరంగి దళానికి నాయకత్వం వహించాడు. 1946 నుండి 1950 వరకు తిరిగి డ్యూక్ శిక్షకుడుగా ఉన్నాడు. ప్రధాన శిక్షకుడుగా అలబామా, డ్యూక్ జట్లతో 171 విజయాలు, 49 ఓటములు, 10 సమాన ఫలితాలు ఆయన ఖాతాలో ఉన్నాయి. 1955లో కళాశాల ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. 1967లో డ్యూక్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. 94వ ఏట డర్హమ్‌లో మరణించాడు.

ఎంపిక విధానంలో మార్పులు

వేడ్ కాలంలో తెరుచుకున్న తలుపు దక్షిణాది జట్లకు ఎంతోకాలం తెరిచి ఉండలేదు. 1947 నుండి రోజ్ బౌల్‌లో రెండవ స్థానాన్ని మధ్య పశ్చిమ ప్రాంతపు బిగ్ నైన్ సమాఖ్యకు ఒప్పందం ద్వారా కేటాయించారు. దానితో ఎంతటి జట్టయినా, ఆ రెండు సమాఖ్యలకు చెందకపోతే అక్కడికి వెళ్ళే వీలు లేకపోయింది. 1998లో ర్యాంకులను, కంప్యూటర్ గణనలను కలిపి మొదటి రెండు జట్లను ఎంచే విధానం వచ్చింది. 2014లో దాని స్థానంలో ఒక సంఘం నాలుగు జట్లను ఎంపిక చేయసాగింది. 2024లో ఆ సంఖ్య 12కు పెరిగింది.

1946లో చివరిసారి ఆడిన అలబామా, మళ్ళీ రోజ్ బౌల్‌లో ఆడడానికి 75 సంవత్సరాలు పట్టింది. కరోనా కారణంగా 2021 జనవరి 1న ఆ పోటీని టెక్సస్‌లో జరిపారు. 1942లో డర్హమ్ తరువాత రోజ్ బౌల్ పాసడీనా వెలుపల జరగడం అదే మొదటిసారి.