మంచుగడ్డలో దాగిన ఉష్ణం

ప్రవేశపరీక్షకు భౌతికశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఒక గ్రాము మంచుగడ్డ కరగడానికి 80 కెలోరీల ఉష్ణం కావలెనని కంఠస్థం చేస్తాడు. ఆ లెక్కను మొదట వేసినవాడు జోసెఫ్ బ్లాక్.

అతడు 1728లో ఫ్రాన్సు దేశపు బోర్డో నగరంలో జన్మించినాడు. తండ్రి బెల్‌ఫాస్టునుండి అక్కడికి వెళ్లి ద్రాక్షసారా వర్తకం చేస్తుండేవాడు. బ్లాక్ స్కాట్లండులోని గ్లాస్గోలో విలియం కల్లెన్ వద్ద రసాయనశాస్త్రం నేర్చి, 1754లో ఎడింబరోలో వైద్యపట్టం పొందినాడు. ఆ పట్టానికై ఆరంభించిన పరిశోధనే బొగ్గుపులుసు వాయువు మామూలు గాలికంటె వేరని తేల్చినది. 1756లో గ్లాస్గోలో ఆచార్యుడైనాడు.

మంచుగడ్డ కరిగే స్థితికి వచ్చిన పిదప మరి కాస్త వేడి తగిలితే చాలు, అంతా నీరైపోవునని ఆనాటి పండితుల నమ్మకం. అదే నిజమైతే వసంతం రాగానే కొండలమీది మంచంతా ఒక్కసారి కరిగి ఊళ్లను ముంచివేయవలె. అట్లు జరుగుట లేదే! చలిదేశంలో అందరి కంటా పడే ఈ సంగతిని ప్రశ్నగా మార్చుకొన్నవాడు బ్లాక్.

అతని ప్రయోగం మన పాఠశాలల్లో సైతం చేయదగినంత సులభం. రెండు పలుచని గాజుబుడ్లలో సమాన భారంగల నీరు పోసినాడు. ఒకదానిలోని నీటిని గడ్డకట్టించి, రెండవదానిని 33 ఫారన్‌హీటు డిగ్రీలవరకు చల్లార్చినాడు. రెంటినీ 47 డిగ్రీల వేడిగల విశాలమైన గదిలో వ్రేలాడదీసినాడు. నీరు అరగంటలో 7 డిగ్రీలు పెరిగి 40కి చేరినది. మంచుగడ్డ కరిగి అదే 40కి చేరడానికి పదిన్నర గంటలు పట్టినది. అనగా 21 అరగంటలు. అరగంటకు 7 చొప్పున 147 డిగ్రీలకు సరిపడే ఉష్ణం లోపలికి పోయినది. థర్మామీటరులో కనిపించిన పెరుగుదల 8 మాత్రమే. తక్కిన 139 ఏమైనట్లు? మంచును నీరుగా మార్చుటలో దాగిపోయినది. దానికే గుప్తోష్ణమని పేరు. నేటి గణన ప్రకారం అది 144. రెండు గాజుబుడ్లతో ఇంత దగ్గరకు వచ్చుట సామాన్యం కాదు.

1762 ఏప్రిల్ 23న గ్లాస్గోలోని ఒక పండితగోష్ఠిలో దీనిని వివరించినాడు. ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు అన్న వివేకం శాస్త్రంలో అతనితోనే స్థిరపడినది. పాదరసం నీటికంటె త్వరగా వేడెక్కుటను పట్టి, ఉష్ణాన్ని ఇముడ్చుకొనే శక్తి ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క తీరున ఉండునని బోధించినాడు. మన విశిష్టోష్ణానికి మూలమిదే. కొద్దిపాటి ఆవిరి అంత నీటినెట్లు మరిగించుచున్నదో తోచక తికమకపడిన జేమ్స్ వాట్‌కు గుప్తోష్ణరహస్యం చెప్పినవాడూ, ధనసహాయం చేసినవాడూ బ్లాకే. అయితే ఆవిరియంత్రానికి వాట్ చేసిన సంస్కారం వాట్ సొంత బుద్ధిఫలమే.

ఇంత కనిపెట్టియు దీనిని అతడు అచ్చువేయించలేదు. అనారోగ్యం కొంత, అసంపూర్ణమైనదానిని బయటపెట్టలేని సంకోచం కొంత. దీనిని లోపమనక తప్పదు. 1772లో స్వీడనులో విల్కే ఇదే సత్యాన్ని స్వతంత్రంగా ప్రకటించినాడు. బ్లాక్‌కు మాత్రం తరగతిగదియే గ్రంథం. 1766నుండి ఎడింబరోలో అతని పాఠాలు విన్న విద్యార్థుల వ్రాతప్రతులు చేతులు మారి అమ్ముడుపోయేవి. మిత్రుడు రాబిసన్ పరిష్కరించగా ఆ ఉపన్యాసాలు 1803లో వెలువడినవి.

అప్పటికి బ్లాక్ లేడు. 1799 డిసెంబరులో, భోజనానికి కూర్చున్నవాడు కూర్చున్నట్లే కన్నుమూసినాడు. మోకాళ్లమీద నిలిపిన పాలగిన్నెలో చుక్కయైనా తొణకలేదట. సేవకుడు చూచి, యజమాని నిద్రించుచున్నాడనుకొన్నాడు.