క్రోమోజోముల పంపకం లెక్క తేల్చిన థియోడర్ బోవెరి

ఇంటర్ బైపీసీ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కణ విభజన పాఠంలో సెంట్రోసోమ్ అనే మాట తప్పక తగిలి ఉంటుంది. 1888లో ఆ పేరు పెట్టిన వారు జర్మనీ శాస్త్రవేత్త థియోడర్ బోవెరి. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు సట్టన్ పక్కన ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. అంత తక్కువగా చెప్పదగిన జీవితం కాదు ఆయనది.

బోవెరి 1862 అక్టోబరు 12న బాంబెర్గ్ పట్టణంలో జన్మించారు. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో మొదట చరిత్ర చదువుకు చేరి, తరువాత శరీర నిర్మాణ శాస్త్రానికి మారారు. 1893లో వూర్ట్స్‌బుర్గ్‌లో జంతుశాస్త్ర ఆచార్యులయ్యారు. చివరిదాకా అక్కడే ఉన్నారు.

తొలి పరిశోధనలకు ఆయన ఎంచుకున్నది గుర్రం పేగుల్లో బతికే ఏలికపాము. మనం మాత్ర వేసుకుని వదిలించుకునే ఏలికపాముకు అది దగ్గరి చుట్టమే! దాని గుడ్లలో క్రోమోజోములు రెండో నాలుగో మాత్రమే ఉంటాయి. సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కదాన్నీ వెంబడించి చూడవచ్చు.

అసలు ఘనకార్యం ఇటలీలోని నేపుల్స్ సముద్ర పరిశోధన కేంద్రంలో జరిగింది. 1901-02 చలికాలంలో భార్య మార్సెల్లాతో కలిసి ఆయన సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి గుడ్లపై ప్రయోగాలు చేశారు. మార్సెల్లా అమెరికాలో జీవశాస్త్రం బోధించి వచ్చిన విదుషీమణి.

మామూలుగా ఒక గుడ్డులోకి ఒక శుక్రకణమే వెళుతుంది. తల్లివి 18, తండ్రివి 18, మొత్తం 36 క్రోమోజోములు. అవి రెట్టింపై, రెండు ధ్రువాలకు సమానంగా లాగబడి, పిల్లకణాలు రెండింటికీ 36 చొప్పున అందుతాయి. బోవెరి ఒక గుడ్డులోకి రెండు శుక్రకణాలు పోయేలా చేశారు. అప్పుడు క్రోమోజోములు 54, ధ్రువాలు నాలుగు. గుడ్డు ఒకేసారి నాలుగు కణాలుగా చీలింది. 54 రెట్టింపైతే 108, నలుగురికి పంచితే సగటున 27. అంటే 18 కన్నా ఎక్కువే! అయినా ఆ పిండాలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. నాలుగు కణాలను విడదీసి పెంచితే ఒక్కొక్కటి ఒక్కో తీరుగా చెడింది.

మన హాస్టల్లో పుస్తకాలు పంచే రోజును తలుచుకోండి. నలుగురికి సరిపడా కన్నా ఎక్కువ పుస్తకాలే వచ్చాయి, కానీ చీకట్లో పంచారు. ఒకడికి లెక్కల పుస్తకాలు మూడు, సైన్సు ఒక్కటీ లేదు. వాడు పరీక్ష ఎలా రాస్తాడు? ప్రతి క్రోమోజోముకూ దాని పని దానికుందని, ఎన్ని ఉన్నాయన్నది కాక ఏవేవి ఉన్నాయన్నది ముఖ్యమని బోవెరి 1902లో ప్రకటించారు. డీఎన్ఏయే జన్యు పదార్థమని తెలియని రోజులవి.

మరి కణం రోజూ ఇంత కచ్చితంగా ఎలా పంచుతుంది? 1991లో ఈస్ట్‌పై పరిశోధించినవారు అందుకు కాపలా కాసే జన్యువులను గుర్తించారు. ఒక్క క్రోమోజోము కండె పోగులకు అంటుకోకపోయినా ఆగమనే సంకేతం వెలువడుతుంది. అన్నీ అంటుకున్నాకే జంటలను కట్టి ఉంచిన ప్రోటీను బంధం తెగుతుంది. అయితే ఈ కాపలా పోగు అంటుకుందా లేదా అనే చూస్తుంది గాని ధ్రువాలెన్ని అని లెక్కపెట్టదు. నాలుగు ధ్రువాల గుడ్డు కాపలా దాటిపోయేది అందుకే.

బోవెరి ఆలోచన అక్కడ ఆగలేదు. పంపకం తప్పిన కణాల్లో చాలావరకు చస్తాయి, మరి ఎప్పుడో ఒకటి చావకుండా అదుపు తప్పి పెరిగితే? క్యాన్సర్ అలాగే మొదలవుతుందని 1914లో చిన్న పుస్తకం రాశారు. రుజువు చూపే సాధనాలు అప్పటికి లేవు. బెర్లిన్‌లో కొత్తగా పెట్టే పరిశోధన సంస్థకు అధిపతిగా పిలిచినా, అనారోగ్యం వల్ల ఆయన వెళ్లలేకపోయారు. 1915 అక్టోబరు 15న, 53 ఏళ్లు నిండిన మూడో రోజున కన్నుమూశారు.

ఆ పుస్తకాన్ని మార్సెల్లా ఇంగ్లీషులోకి అనువదించి 1929లో వెలువరించారు. ఒక రకం రక్తక్యాన్సర్ రోగుల కణాల్లో దాదాపు ప్రతిసారీ కనిపించే అసాధారణ క్రోమోజోమును ఫిలడెల్ఫియా శాస్త్రవేత్తలు 1960లో పట్టుకున్నారు. అప్పటికి బోవెరి పోయి 45 ఏళ్లు.