క్రిస్మస్ తాతకు ముందున్న మనిషి

డిసెంబరు వచ్చిందంటే మన పిల్లల బడుల్లో ఎర్రకోటు, తెల్లగడ్డంతో క్రిస్మస్ తాత ప్రత్యక్షమవుతాడు. ఆ వేషం వెనక నిజంగా ఒక మనిషి ఉన్నాడు. పేరు నికొలస్. మంచుదేశం వాడేమీ కాదు. మధ్యధరా సముద్రం ఒడ్డున, నేటి టర్కీ దక్షిణ తీరంలోని మైరా పట్టణానికి 4వ శతాబ్దంలో బిషప్‌గా ఉన్న గ్రీకు భాషీయుడు.

పుట్టింది దగ్గర్లోని పతారాలో అంటారు. ఆయన రాసినదంటూ ఏదీ మిగల్లేదు. తెలిసినదంతా దాదాపుగా తర్వాతి తరాలు చెప్పుకున్నదే. డయొక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవులను హింసించిన రోజుల్లో చెరసాల పాలయ్యాడని సంప్రదాయం. 325లో జరిగిన నైసియా మహాసభకు వెళ్లాడంటారు గానీ, హాజరైనవారి జాబితాల్లో కొన్నింటిలోనే ఆయన పేరుంది. అక్కడ అరియస్‌ను చెంపదెబ్బ కొట్టాడన్న కథ శతాబ్దాల తర్వాత పుట్టింది, నమ్మనక్కర్లేదు.

జనం గుండెల్లో ఆయన్ని నిలబెట్టింది ముగ్గురు ఆడపిల్లల కథ. బాగా బతికి చితికిపోయిన తండ్రి. కట్నం లేనిదే పెళ్లి కాని కాలం. దిక్కుతోచక కూతుళ్లను పడుపు వృత్తిలోకి పంపడానికి సిద్ధపడ్డాడు. తల్లిదండ్రుల ఆస్తి చేతికొచ్చిన నికొలస్‌కు ఈ సంగతి తెలిసింది. ఒక రాత్రి కిటికీలోంచి బంగారం మూట లోపలికి విసిరి వెళ్లిపోయాడు. పెద్దమ్మాయి పెళ్లి జరిగింది. మరో రాత్రి మరో మూట, రెండో అమ్మాయి పెళ్లి. మూడోసారి ఆ తండ్రి నిద్ర మానుకుని కాపు కాసి, వెంటపడి పట్టుకున్నాడు. ఈ మాట ఎవరికీ చెప్పనని నికొలస్ అతనితో ఒట్టు వేయించుకున్నాడట. పుచ్చుకున్నవాడు ఊళ్లో తలెత్తుకు తిరిగేలా ఇవ్వడమే ఈ కథలో నాకు బంగారం కన్నా పెద్దదిగా తోస్తుంది. ఆడపిల్లల తండ్రి బాధ మన ఇళ్లల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు కదా!

నావికులకూ ఆయనే దిక్కు. ఆ భక్తి 1087లో ఒక విచిత్రానికి దారితీసింది. ఇటలీలోని బారి నగర నావికులు మైరా వెళ్లి, సమాధి పగలగొట్టి, ఆయన ఎముకలను తమ ఊరికి తెచ్చుకున్నారు. సూటిగా చెప్పాలంటే దొంగతనం. బారి వాళ్లు మాత్రం ఏటా మే నెలలో దాన్ని పండుగలా జరుపుకుంటారు.

హాలండ్‌లో ప్రొటెస్టెంట్ సంస్కర్తలు పునీతుల పండుగలు వద్దన్నా, డిసెంబరు 6 ముందు రాత్రుల్లో పిల్లలు కానుకల కోసం చెప్పులు పెట్టడం మానలేదు. డచ్చివారి సింటర్‌క్లాస్ న్యూయార్క్ చేరి శాంతా క్లాస్ అయ్యాడు. 1823లో అచ్చయిన ఒక పద్యం ఆయన బండికి ఎనిమిది దుప్పులు కట్టింది, తర్వాత థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు బొజ్జ పెంచాడు. బిషప్ టోపీ ఎటో పోయింది.

మైరా ఇప్పుడు దెమ్రె. 1923లో గ్రీస్, టర్కీల మధ్య జనాభా మార్పిడి ఒప్పందం జరిగింది. గ్రీకు క్రైస్తవులు ఆ తీరం వదిలిపోయారు. ఆయన పేరిట కట్టిన పాత చర్చి మాత్రం అక్కడే ఉంది. అందులోని పగిలిన రాతి సమాధిని చూడటానికి రష్యా నుంచి యాత్రికులు వస్తుంటారు.